అరుపులు బంద్ చేసిన వారం

పద్దెనిమిది కుట్టు మిషన్లను ఒక్క స్క్రూ ఊడదీయకుండా, ఒక్క తీగ తెంచకుండా, కేవలం మర్యాదతో ఆపేసిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అది కూడా బళ్ళు తెరిచే ముందు వారం, స్కూలు యూనిఫాంలు కుట్టేచోట. ఆ మొనగాడు నేనే. ఎంత ఘోరం జరిగిందో మొత్తం చెప్తాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. ఇప్పటికే ఎల్బీనగర్‌లో సగం మంది నవ్వేశారు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఎక్కడో ఇరుక్కున్న కాలేజీలో ఎంబీయే పూర్తి చేశాను. నా జ్ఞానమంతా ఒకే ఒక పుస్తకంలోది. ఫుట్‌పాత్ మీద కొన్న పాత మేనేజ్‌మెంటు పుస్తకం అది. నాకంటే ముందు దాన్ని చదివినవాడెవడో మొదటి మూడు అధ్యాయాల్లో గీతలు గీసి, ఆ తర్వాత చదువే మానేసినట్టున్నాడు. తెలివైనవాడు. నేను మాత్రం చివరిదాకా చదివాను.

అందులో ఒక అధ్యాయం నన్ను కదిలించేసింది. కార్ఖానాలు కొత్తగా పుట్టిన రోజుల్లో పనివాణ్ణి మిషన్‌కు తగిలించిన రెండు చేతులుగా చూసేవాళ్ళట. ఆ తర్వాత గడియారం పట్టుకుని, ఆ చేతులు ఎన్ని సెకన్లలో ఎంత కదులుతున్నాయో కొలిచే మహానుభావులు బయల్దేరారట. చాన్నాళ్ళకు ఎవరికో అనుమానం వచ్చిందట. ఈ చేతులకు పైన ఒక తల ఉంది, లోపల ఒక మనసుంది, ఆ మనసుకు ఇంట్లో అత్తగారితో గొడవ కూడా ఉండొచ్చు కదా అని. అక్కణ్ణుంచి కథే మారిపోయింది. ఒక కార్ఖానాలో దీపాల వెలుగు పెంచి చూస్తే పని పెరిగిందట. తగ్గించి చూస్తే అప్పుడూ పెరిగిందట! మమ్మల్ని ఎవరో పట్టించుకుంటున్నారు అన్న సంతోషమే దానికి కారణం కావచ్చని పెద్దలు తేల్చారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మీ కష్టసుఖాలేమిటి అని అడిగారట.

అది చదివి నేను కళ్ళు తుడుచుకున్నాను. నిజంగా తుడుచుకున్నాను. ఇంత గొప్ప సంగతిని మన్సూరాబాద్‌కు తీసుకెళ్ళే బాధ్యత భగవంతుడు నా మీదే పెట్టాడనిపించింది.

మన్సూరాబాద్ ఎందుకంటే, నా మొదటి ఉద్యోగం అక్కడే దొరికింది. నర్సింహ సేటు యూనిఫాంల యూనిట్ అది. నల్గొండ పక్క పల్లెనుంచి ఒక పాత కుట్టు మిషన్‌తో వచ్చి, పద్దెనిమిది మిషన్ల దాకా పెంచిన మనిషి. ఆయన గొంతు విప్పితే నాగోల్‌లో మెట్రో దిగినవాళ్ళు తమనే పిలిచారనుకుని వెనక్కి తిరిగేవాళ్ళు. ఆ ఏడాది ఒక పెద్ద బడి ఆర్డర్ ఇస్తూ, "మీ మేనేజర్‌తో మాట్లాడించండి" అందట. మేనేజర్ అనేవాడు ఒకడుండాలని ఆయనకు అప్పుడే తెలిసింది. వెంటనే నన్ను పెట్టుకున్నాడు.

మొదటి రోజు నుంచీ ఆయన నన్ను సార్ అనేవాడు. "సార్, జర ఆ మెయిలేందో చూడుండ్రి." "సార్, మీరు కూసోండి, మీకెందుకు." యూనిట్ మొత్తంలో ఆయన అరవని మనిషిని నేనొక్కణ్ణే. నా చదువుకిచ్చిన గౌరవమనుకుని మీసం దువ్వుకున్నాను. మూడు నెలలు దువ్వుకున్నాను.

శనివారం కల్లా ఆ బడికి ఆరొందల జతలు వెళ్ళాలి. సగం చొక్కాలకు ఇంకా కాలర్లే పడలేదు. ఆ ఆర్డర్ తప్పితే సేటుకు ఆ ఏడాది లేదు, నాకు ఉద్యోగం లేదు. సరిగ్గా అలాంటి సోమవారం పొద్దున నేను నా మేనేజ్‌మెంటు పుస్తకం తెరిచాను.

"సేటూ, మీరు పనివాళ్ళ మీద అరవకూడదు" అన్నాను.

"నేనెప్పుడు అరిచిన సార్?" అని ఆయన అరిచాడు.

"ఇదిగో, ఇప్పుడే."

"గిది మాట్లాడుడు సార్. అరిస్తే మీరు గిక్కడ నిలవడ్తరా?"

"మనుషుల్ని గౌరవిస్తే పని పెరుగుతుంది సేటూ. పుస్తకంలో ఉంది. అందర్నీ 'మీరు' అని పిలవండి. పేరు చివర గారు పెట్టండి. మెల్లగా మాట్లాడండి."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "పని పెరుగుతదా? పక్కా?"

"పక్కా."

"పెరుగుతదంటే గోడను గూడ గారు అంట. శనివారం సరుకు పోవాలె, అంతే."

ఆయన నేరుగా కటింగ్ టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. కటింగ్ మాస్టర్ యాదగిరి ఆయన దగ్గర పదిహేనేళ్ళుగా పని చేస్తున్నాడు. పదిహేనేళ్ళుగా ఆయన పిలుపు "ఓర్ యాదిగా" తప్ప ఇంకోటి వినలేదు.

"యాదగిరి గారూ" అన్నాడు సేటు, దేవుడి గుళ్ళో మాట్లాడినంత మెల్లగా.

యాదగిరి చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఏమైంది సేటు? మా ఊరికెళ్ళి ఫోన్ ఒచ్చిందా? ఎవరికేమైంది?"

"ఎవరికేం కాలె. మీరు జర ఆ కాలర్ ముక్కలు కోస్తరా అని..."

యాదగిరి స్టూలు మీద కూలబడి, మంచినీళ్ళు తాగి, సేటు మొహంలోకి చూశాడు. "సేటు, దవాఖానల చూపెట్టుకున్నవా? ఏమన్నరు?"

అప్పుడైనా నాకు అర్థం కావాలి. కాలేదు. కొత్త మందు మొదట్లో కాస్త చేదుగా ఉంటుంది లెమ్మని సర్దిచెప్పుకున్నాను.

మంగళవారం దీపాల పని పట్టాను. మసకబారిన పాత ట్యూబ్‌లైట్లు తీయించి, కొత్తవి ఆరు పెట్టించాను. గదంతా పెళ్ళి హాలులా వెలిగిపోయింది. బటన్‌హోల్ మిషన్ మీద కూర్చునే సత్యవేణి గారు తలెత్తి చూశారు. ఆవిడది భీమవరం వైపు. భర్త డ్రైవరు. ఇరవై ఏళ్ళ క్రితం ఇక్కడికి వచ్చినా మాట మాత్రం గోదావరి దాటి రాలేదు.

"ఏవండీ మేనేజరు గారూ, ఎవరైనా చూడ్డానికి వస్తున్నారా అండీ?"

"అబ్బే, ఎవరూ రావట్లేదండీ. ఇదంతా మీ కోసమే."

"మా కోసవా?" అన్నారావిడ. పక్కనున్న అండాలమ్మ వైపు చూశారు. అండాలమ్మ లైట్ల వైపు చూసింది. తర్వాత పద్దెనిమిది మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సంతోషంతో నోట మాట రావట్లేదనుకున్నాను.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటుంది. మీకు ముందే చెప్పేస్తాను, లేకపోతే నా తెలివితక్కువతనం రుచి మీకు పూర్తిగా తెలియదు. అంతకు ముందు ఏడు పక్క గల్లీలో ఇలాంటిదే ఇంకో యూనిట్ ఉండేది. మా వాళ్ళలో సగం మంది అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే. అక్కడి యజమాని కూడా రోజూ అరిచే మనిషే. ఒక వారం ఉన్నట్టుండి మెత్తబడిపోయాడు. గోడలకు రంగులు వేయించాడు. అందరికీ చాయ్, సమోసాలు తెప్పించి, ఇంట్లో పిల్లలు ఎలా ఉన్నారని అడిగాడు. నాలుగో రోజు వీళ్ళు వెళ్ళేసరికి షట్టర్‌కు తాళం ఉంది. గోడల రంగులు కొనేవాడికి చూపించడానికి, చాయ్ వీళ్ళకు వీడ్కోలు చెప్పడానికి.

ఇప్పుడు బుధవారం నేనేం చేశానో వినండి.

గుండీల డబ్బాలు పెట్టుకునే చిన్న గది ఖాళీ చేయించాను. రెండు కుర్చీలు, ఒక ఫ్లాస్కు చాయ్, ఒక పళ్ళెంలో ఉస్మానియా బిస్కెట్లు, నా చేతిలో నోటుబుక్కు. ఒక్కొక్కరినీ పిలిచి తలుపు దగ్గరికి వేశాను. ముందు అండాలమ్మ. యాభై అయిదేళ్ళ మనిషి. కాలర్లు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మిగతా అందరూ ఆమె మాట మీదే నడుస్తారు.

"కూర్చోండి అండాలమ్మ గారూ. చాయ్ తీసుకోండి. ఇంట్లో అందరూ బాగున్నారా?"

ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది. "మంచిగనే ఉన్నరు సారు. ఎందుకడుగుతున్నరు?"

"ఊరికే. మీకు ఇక్కడ ఏవైనా ఇబ్బందులున్నాయా? మొహమాటపడకుండా చెప్పండి."

"ఏం లేవు సారు. మాకేం ఇబ్బంది? మంచిగుంది." ఆమె కళ్ళు నా నోటుబుక్కు మీదే ఉన్నాయి. నేను రాసుకున్నాను: సంతృప్తిగా ఉంది.

"మరి ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"ఐదేండ్ల తర్వాతనా? గిక్కడ్నే, గా మిషన్ మీదనే ఉంట గద సారు." నా నోటుబుక్కు వైపు చూస్తూ మెల్లగా అడిగింది. "ఉండొద్దా?"

"అలా అని కాదు. మీలాంటి నైపుణ్యం ఉన్నవాళ్ళు ఎక్కడికెళ్ళినా రాణిస్తారు" అన్నాను, ప్రశంస అనే పదార్థాన్ని ధారాళంగా వాడమని పుస్తకం చెప్పింది కాబట్టి. ఆఖర్న లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, ఈ మాట కూడా అన్నాను: "ఇన్నాళ్ళూ మీరు చేసిన సేవకు మా అందరి తరఫునా ధన్యవాదాలు."

చదువుతున్నవాళ్ళు దయచేసి నన్ను కొట్టడానికి లేవకండి. నాకు తెలియదన్నాను కదా.

పద్దెనిమిది మందికీ ఇదే పాట పాడాను. పద్దెనిమిది మందీ ఇబ్బందులేం లేవన్నారు. ఎవరూ బిస్కెట్ ముట్టలేదు. సత్యవేణి గారు కొంగుతో కళ్ళొత్తుకుని, "ఉంటానండీ మేనేజరు గారూ, మీరు మంచివారు, మీ తప్పేం లేదండీ" అని వెళ్ళారు. ఆవిడ పేరు పక్కన నేను రాసుకున్నది ఇది: మనసు విప్పింది.

గురువారం పది గంటలకు మెట్ల మీదే అనుమానం వచ్చింది. మిషన్ల చప్పుడు లేదు. పైకి వెళ్ళి చూస్తే మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. మా దగ్గర ఎవరి కత్తెర వాళ్ళదే, స్టూలు మీద వేసుకునే పాత చీరల మెత్త కూడా ఎవరిది వాళ్ళదే. కత్తెరలు లేవు. మెత్తలు లేవు. ఆరు కొత్త లైట్లు మాత్రం ఖాళీ స్టూళ్ళ మీద ధగధగా వెలుగుతున్నాయి. గుడ్డ తానుల మీద యాదగిరి ఒక్కడే కూర్చున్నాడు.

"అందరూ ఏరీ?"

"సరూర్‌నగర్ పోయిన్రు సార్. గాడ ఇంకో యూనిట్ల పని అడగనీకి. మీరు తాళమేసేదాక ఎందుకు ఆగాలె అన్నరు. నేను గూడ పోతుంటి. తాళం చెవి నా తాన ఉన్నదని ఆగిన. ఇగో, తీస్కోండ్రి."

"తాళమేంటి? ఎవరు వేస్తున్నారు?"

"మీరే గద సార్. నిన్న అందరికి చాయ్ పోసి దండం పెట్టిన్రు" అన్నాడు యాదగిరి. అప్పుడు చెప్పాడు పక్క గల్లీ కథంతా. నేను వింటూ వింటూ అతని పక్కనే తానుల మీద కూర్చుండిపోయాను.

అంతలో సేటు వచ్చాడు. ఖాళీ మిషన్లు చూశాడు. యాదగిరి చెప్పింది విన్నాడు. ఇక ఇల్లు కూలిపోయేలా అరుస్తాడనుకుని చెవులు మూసుకోబోయాను. ఆయన అరవలేదు. మెల్లగా నా దగ్గరికి వచ్చి, ఒక కుర్చీ జరిపాడు.

"కూసోండి సార్" అన్నాడు. "చాయ్ తాగుతరా? ఇంట్ల అమ్మ, నాయిన మంచిగున్నరా?"

నా అరికాళ్ళు చల్లబడ్డాయి. నిన్న ఆ గదిలో పద్దెనిమిది మందికి ఎలా ఉండిందో నాకు ఆ ఒక్క క్షణంలో తెలిసిపోయింది. పుస్తకం మొత్తం చదివితే తెలియనిది, ఒక కప్పు చాయ్ అడిగేసరికి తెలిసింది. చాలా సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ యాదగిరి చూస్తున్నాడని ఆపుకున్నాను.

"సేటూ, నన్ను తర్వాత తీసేద్దురు గానీ, ముందు సరూర్‌నగర్ పోదాం పదండి" అన్నాను.

ఇద్దరం ఆయన స్కూటర్ మీద బయల్దేరాం. సరూర్‌నగర్ చెరువు దాటి లోపలి గల్లీలోకి తిరగ్గానే కనిపించారు. ఒక మూసి ఉన్న షట్టర్ ముందు, నీడ పట్టున, పద్దెనిమిది మంది, పద్దెనిమిది మెత్తలు. ఆ యజమాని ఇంకా రాలేదట.

నేను స్కూటర్ దిగీ దిగకముందే ఉపన్యాసం మొదలుపెట్టాను. "అమ్మా, మీరు అపార్థం చేసుకున్నారు. యూనిట్ మూసెయ్యట్లేదు. మీరంతా మా కుటుంబ సభ్యులు..."

"అయ్యో! గా సేటు గూడ గిదే మాటన్నడు" అంది అండాలమ్మ. "కుటుంబమన్నడు, తెల్లారి తాళమేసిండు."

"ఔనండీ, సరిగ్గా ఇదే మాట" అన్నారు సత్యవేణి గారు.

నేను నోరు తెరిచినకొద్దీ గొయ్యి లోతవుతోంది. ఇంకేదో అనబోతుంటే వెనకనుంచి ఒక శబ్దం వచ్చింది. మూడు రోజులుగా గొంతులో కుక్కి పెట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చిన శబ్దం.

"ఏందక్కా గిది! ఓ అండాలక్కా! నీ దిమాగ్ ఏమన్న ఖరాబైందా? నేను యూనిట్ మూస్తే నీకు చెప్పక మూస్తనా? ఆరొందల జతలు గాడ పండవెట్టి, గీడ పిక్నిక్ చేస్తున్నరా? కాలర్లు ఎవరు కుట్టాలె, నేను కుట్టాల్నా? నేను కుడితే పోరగాండ్లు మెడ తిప్పుతరా? లేవుండ్రి!"

చెరువు మీది పక్షులు లేచాయి. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. పద్దెనిమిది మొహాలూ ఒక్కసారి విచ్చుకున్నాయి.

"హమ్మ! మా సేటే" అంది అండాలమ్మ, గుండె మీద చెయ్యి వేసుకుని. ఆ వెంటనే నడుం బిగించింది. "అరువు, అరువు! మస్తు అరుస్తున్నవ్ గని, ఇస్త్రీ టేబుల్ మీది ఫ్యాన్ తిరగక ఎన్ని దినాలైందో ఎరుకేనా? ఎండకాలమంత గా పిల్ల ఆవిర్ల ఉడికిపోయింది!"

"బాత్రూము గడియ ఊడి రెండు నెల్లయిందండీ!" సత్యవేణి గారి గొంతు కూడా లేచింది. "ఒకళ్ళం లోపలికెళ్తే ఇంకొకళ్ళం బయట కాపలా కాస్తున్నావండీ, పని మానుకుని!"

"సాయంత్రం పది నిమిషాలు ముంగట ఇడిస్తే ఎల్బీనగర్ కాడ బస్సు దొరుకుతది, ఎన్నిసార్లు అనుకున్నమో!" అంది వెనకనుంచి ఇంకొకామె.

ఇంకా ఇంకా వచ్చాయి. నిన్న నేను తలుపు వేసి, చాయ్ పోసి, బతిమాలి అడిగితే ఒక్కరూ చెప్పనివన్నీ నడిరోడ్డు మీద, సేటు మొహం మీదే కుమ్మరించారు. నోటుబుక్కు ఇంటి దగ్గరుంది. నేను అరచేతి మీద రాసుకున్నాను, అది నిండితే మోచేతి దాకా రాసుకున్నాను.

సేటు అన్నీ విన్నాడు. "గివన్ని ముందే చెప్పొచ్చు గద?" అన్నాడు, కొంచెం తగ్గి.

"నువ్వు అరుస్తున్నప్పుడు చెప్దామనుకుంటిమి. ఇంతల గీ సారొచ్చి అరుపులే బంద్ వెట్టె" అంది అండాలమ్మ. "ఇగ వింటున్నవా? ఫ్యాన్, గడియ ఇయ్యాల్నే కావాలె. అప్పుడే మిషన్ తొక్కుతం. ఇంకోటి, అరిస్తే అరువు గని, తిట్లల్ల మా అమ్మోళ్ళను తేకు."

"తేను" అన్నాడు సేటు. ప్రపంచ పారిశ్రామిక చరిత్రలో ఇంత త్వరగా కుదిరిన ఒప్పందం ఇంకోటి ఉండదు.

ఫ్యాన్ పని మెకానిక్‌కు అప్పజెప్పారు. గడియ పని నాకు. ఇదంతా నా వల్లే కాబట్టి స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చారు. నేను లోపల నిలబడి, చాలా శ్రద్ధగా, తలుపుకు కొత్త గడియ బిగించాను. గట్టిగా పడుతుందో లేదో చూద్దామని వేశాను. గట్టిగానే పడింది. మళ్ళీ తియ్యడానికే రాలేదు.

కాసేపు మెల్లగా తట్టాను. తర్వాత గట్టిగా తట్టాను. మిషన్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. తలుపు అవతల అడుగులు, ఆపుకోలేని నవ్వులు.

"మేనేజరు గారూ" సత్యవేణి గారి గొంతు. "లోపల ఏవైనా ఇబ్బందులున్నాయా అండీ? మొహమాటపడకుండా చెప్పండి."

"తలుపు రావట్లేదండీ!"

"ఐదేండ్ల తర్వాత నిన్ను నువ్వు ఏడ చూసుకుంటున్నవ్ బిడ్డా?" అంది అండాలమ్మ. "గిక్కడ్నేనా?"

పద్దెనిమిది మంది ఒకేసారి నవ్వితే ఎలా ఉంటుందో తలుపు ఇవతల నిలబడి విన్నాను. చివరికి నాకూ నవ్వొచ్చింది. యాదగిరి వచ్చి బయటి బందులు ఊడదీసి నన్ను విడిపించేదాకా లోపల ఒక్కణ్ణే నవ్వుతూ నిలబడ్డాను.

ఆ తర్వాత రెండు రోజులూ మా యూనిట్‌లో కాలర్లు ఎగిరిపడ్డాయి. సేటు అరిచాడు, వాళ్ళూ తిరిగి అరిచారు, ఫ్యాన్ గిర్రున తిరిగింది. శనివారం సాయంత్రం ఆరొందల జతలు మూటలు కట్టి టెంపోకు ఎక్కించారు. అందరూ మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. నేను ఒక పక్కన బ్యాగు భుజాన వేసుకుని నిలబడ్డాను. సరుకు వెళ్ళింది. ఇక వెళ్ళాల్సింది నేనే. గురువారం నాటి చాయ్ ఇంకా బాకీ ఉందని నాకు తెలుసు. మూడు నెలలుగా ఆయన నన్ను ఒక్క మాట అనకపోవడానికి అర్థం కూడా ఇప్పుడు తెలుసు. నేను ఆయన మనిషిని కాను, చుట్టాన్ని. చుట్టాన్ని సాగనంపడం ఎంతసేపు?

సేటు టెంపో వెనక తాడు బిగిస్తూ నా వైపు తిరిగాడు. సార్ అనే పిలుపు కోసం గుండె రాయి చేసుకున్నాను.

"ఓర్ సుధీర్‌గా! బ్యాగేసుకుని ఏం జూస్తున్నవ్‌రా బేకార్ మొకమా? గీ తాడు ఇంకో కొస ఎవడు పట్టాలె, నీ పుస్తకమా? ఉర్కు!"

మన్సూరాబాద్ మొత్తం విన్నది. మెట్ల మీద పద్దెనిమిది మందీ చప్పట్లు కొట్టారు. అండాలమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. "పర్మనెంట్ అయినవ్ పో బిడ్డా!"

నేను ఉరికాను. తాడు పట్టుకున్నాను. కళ్ళ నిండా నీళ్ళు. జీవితంలో నన్ను అంత గౌరవంగా ఇంకెవరూ పిలవలేదు.

కాబట్టి, పనివాడికి మనసుంటుందని కనిపెట్టిన దేశదేశాల పెద్దలందరి సాక్షిగా, మా యూనిట్ బాత్రూము గడియ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ మనిషినీ తలుపు వేసి కష్టసుఖాలు అడగను. అడగాల్సి వస్తే మిషన్ పక్కనే నిలబడి, అందరూ వినేలా అడుగుతాను. వాళ్ళు నన్ను తిట్టడం మొదలుపెట్టేదాకా అక్కణ్ణుంచి కదలను.